గిర్ని గోదావరి, పదకొండు పాములు

నాందేడ్‌లో మా గల్లీకి మునిసిపాలిటీ వాళ్లు పెట్టిన పేరు ఒకటుంది. కరెంటు బిల్లు మీద తప్ప అది ఇంకెక్కడా కనిపించదు. ఆటోవాళ్లకు మాత్రం 'పాముల గిర్ని' అంటే చాలు. ఇంకో మాట అడగకుండా తీసుకొచ్చి, గల్లీ మొదట్లోనే దించేసి వెళ్లిపోతారు.

ఆ పిండి గిర్ని గోదావరిది. నా జిరాక్సు దుకాణం సరిగ్గా దాని ఎదురుగా ఉంటుంది కాబట్టి ఆ ఇంట్లో ఏం జరిగినా ఆమె భర్త కంటే ముందు నాకు తెలుస్తుంది. పైగా ఈ వ్యవహారంలో నేను సంతకాలు పెట్టిన మనిషిని. ఎన్ని పెట్టానో తరువాత చెబుతాను.

గోదావరి పుట్టింది కుండల్‌వాడిలో. తండ్రి ధాన్యం వ్యాపారి. గోనెసంచుల మధ్య పెరిగిన పిల్ల కావడంతో జొన్నలు పిడికిట్లోకి తీసుకుంటే చాలు, ఏ ఊరివో, ఎంత ఎండాయో చెప్పేస్తుంది. పంతొమ్మిదో ఏట ఎస్టీ, అంటే సర్కారు బస్సు, కండక్టరు కాశీరాంతో పెళ్లయి నాందేడ్ వచ్చింది. ఇరవై ఏళ్ల కిందట ఇంటి ముందుగదిలో గిర్ని పెట్టింది. ఇప్పుడు ఆమెకు యాభై రెండు. పొట్టి మనిషి, కనుబొమ్మల మీద ఎప్పుడూ కాస్త పిండి. ఆమె పరుగెత్తగా చూసినవాళ్లు మా గల్లీలో ఒక్కరూ లేరు. బస్సు కదిలిపోతున్నా నడిచే వెళ్తుంది. అది కాశీరాం బస్సయితే ఆగుతుంది, కాకపోతే వెళ్లిపోతుంది.

పాముల సంగతి మొదలై నాలుగేళ్లయింది. ఒక మధ్యాహ్నం పక్కూరి రైతు జొన్నల సంచి తెచ్చి గిర్నిలో దించాడు. మూతి విప్పగానే అందులోంచి నిలువెత్తు జెర్రిపోతు బయటికి వచ్చింది. వరసలో నిలబడ్డ ఆరుగురు ఒకే గడపలోంచి ఒకేసారి బయటపడ్డారు. ఎలా పట్టారో నాకిప్పటికీ అర్థం కాదు. గోదావరి మాత్రం ముందు మోటారు ఆపింది. గింజ లేకుండా తిరిగితే రాళ్లు పాడవుతాయి. తరువాత చేతులు చీరకు తుడుచుకుని, పామును నడుం దగ్గర పట్టి ఎత్తి, ఖాళీ పిండి డబ్బాలో వేసి మూత పెట్టింది. మూత పెట్టాక బయట నిలబడ్డ రైతును పిలిచి, జొన్నల్లో తేమ ఇంకా ఉందని, రెండు రోజులు ఎండపెట్టి తెమ్మని చెప్పింది.

ఆ వార్త సాయంత్రానికి నాలుగు గల్లీలు దాటింది. వారం తిరిగేసరికి ఎవరి స్నానాలగదిలో ఏం కనిపించినా గోదావరికే ఫోను రావడం మొదలైంది. ఇలా పాములు పట్టి వదిలేవాళ్లను మా దగ్గర సర్పమిత్రలు అంటారు. అటవీశాఖ గార్డు యోగేశ్ అనే కుర్రాడు అలాంటివాళ్లకు రెండు రోజుల క్లాసు చెబుతుంటే గోదావరి కూడా వెళ్లి కూర్చుంది. దేనికి విషం ఉంటుంది, దేనికి ఉండదు, ఎలా పట్టాలి, అన్నీ నేర్పాడు. చివర్లో ఒక నియమం రెండుసార్లు చెప్పాడట. పట్టిన పామును తనకు చూపించి ఆ రోజే వదిలెయ్యాలి, ఇంట్లో ఒక్క పూట కూడా ఉంచుకోకూడదు, ఉంచుకుంటే చట్టప్రకారం నేరం. గోదావరి తల ఊపింది. రెండేళ్లు ఆ మాట నిలబెట్టుకుంది కూడా.

ఇదంతా కాశీరాంకు కష్టంగా ఉండేది. అతను భయస్తుడేం కాదు. పండగనాటి బస్సులో నూట ఇరవై మంది మధ్య మోచేతులతో దారి చేసుకుంటూ వెళ్లగలడు. పాములంటే మాత్రం పడదు. పాము అనే మాటే నోట రానివ్వడు, 'పురుగు' అంటాడు. ఇంటికి రాగానే గుమ్మం బయటే నిలబడి, "పురుగులు గిట్ల ఏమన్న ఉన్నయా ఇంట్ల?" అని అడిగి, లేవంటేనే చెప్పులు విడిచేవాడు.

రెండేళ్ల తరువాత, ఒక వానాకాలం, మురికికాలువ తవ్వే యంత్రం తగిలి ఒక జెర్రిపోతు తోక చీరుకుపోయింది. గోదావరి దాన్ని తెచ్చి, పశువుల డాక్టరును అడిగి మందు రాసింది. గాయం మానేదాకా ఉంచుతానని యోగేశ్‌కు చెబుదామనుకుంది. కానీ చెప్పలేదు. అది మానేలోగా ఇంకో మూడు వచ్చాయి. ఒకటి చిక్కిపోయి ఉందని ఉంచింది. ఒకటి కుబుసం విడుస్తోందని ఉంచింది. ఒకదాన్ని, వదలాల్సిన చోట నీళ్లు నిండాయని ఉంచింది. అయిదోదాన్ని ఎందుకు ఉంచావని నేనే అడిగాను. అది ఆడపామని, ఆ రోజు బుధవారమని చెప్పింది.

"బుధారం నాడు ఆడపిల్లను పంపుతరా ఎవలన్న?" అని నన్నే ఎదురు అడిగింది.

అలా కూతురు దీపాలి పెళ్లయి వెళ్లాక ఖాళీ అయిన వెనకగదిలో పాములు చేరాయి. కాశీరాం ఆ గది వైపు చూడటమే మానేశాడు. ఈ సంవత్సరం నాగపంచమి నాటికి అవి మొత్తం పదకొండు. అయిదు జెర్రిపోతులు, అయిదు నీరుకట్టెలు, ఒక పసిరికపాము. ఒక్కదానికీ మనిషిని చంపే విషం లేదు. నాగుపాము, కట్లపాము లాంటివి దొరికితే మాత్రం ఆమె గంట కూడా ఆగకుండా యోగేశ్‌ను పిలిచి అప్పగించేది. అందుకే అతనికి ఈ గది మీద అనుమానం రాలేదు.

పాములుండేవి పిండి డబ్బాల్లోనే. అడుగున ఇసుక, ఒక ఇటుక ముక్క, చిన్న గిన్నెలో నీళ్లు, మూతకు మేకుతో పొడిచిన చిల్లులు. గిర్నికి వచ్చే ప్రతి డబ్బా మీదా మనిషి పేరు సుద్దముక్కతో రాయడం గోదావరికి ఇరవై ఏళ్ల అలవాటు. అదే చేత్తో పాముల డబ్బాల మీదా పేర్లు రాసేది. ఎవరి ఇంట్లో దొరికితే వాళ్ల పేరు. విమలాబాయి బాత్రూములో దొరికింది విమలాబాయి, గుడి వెనక దొరికింది పూజారి. ఇందులో ఎగతాళి ఏమీ లేదు. ఆమెకు గుర్తుండటానికి అదే తేలిక.

గల్లీలో భయం గల్లీ పద్ధతిలోనే ఉండేది. ఒకే గోడ పంచుకునే పక్కింటి లీలాబాయి ఆ గోడకున్న ప్రతి పగులులోనూ సిమెంటు నింపింది. రోజూ దీపాలు పెట్టే వేళకు మిద్దె మీది నుంచి తొంగి చూసి, అన్నీ ఉన్నాయా అని అడిగేది. ఉన్నాయి, తిన్నాయి, పడుకున్నాయి అని గోదావరి చెబితే కిందికి దిగేది. గోదావరి ఊళ్లో లేని రోజు లీలాబాయి ఇంట్లో అందరూ మంచాల మీద కాళ్లు ముడుచుకుని భోంచేసేవాళ్లు. అయినా ఎవరూ బయటపడి గొడవ చెయ్యలేదు. ఎప్పుడు ఏ పాము ఎవరి ఇంట్లో దూరుతుందో, పట్టడానికి మళ్లీ గోదావరే రావాలి కదా.

నాగపంచమి నాడు అదే ఆడవాళ్లు పళ్లేలు పట్టుకుని వచ్చారు. గోదావరి గడపలో అడ్డంగా నిలబడి, లోపల నాగుపాము లేదని, ఉన్నవన్నీ ఎలుకలూ కప్పలూ తినేవేనని, పాలు పాములకు పడవని చెప్పింది. విమలాబాయి బతిమాలింది. పడగ లేకపోతే ఈ ఒక్కరోజుకు సర్దుకుంటామంది. చివరికి మూతలు తియ్యకుండా బయటి నుంచే పూజ చేసుకోవడానికి ఒప్పందం కుదిరింది. అందరూ చకచకా డబ్బాలకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, పూలు వేసి, మొక్కులు చెప్పుకున్నారు. వెళ్లాక చూస్తే పూజ అందుకున్న వాటిలో మూడు గోధుమపిండి డబ్బాలు ఉన్నాయి. విమలాబాయి మొక్కింది వాటికేనని గోదావరి ఆమెకు చెప్పలేదు. నాకు చెప్పింది.

పంచమి వెళ్లిన నాలుగో రోజు అసలు సంగతి జరిగింది.

కూరగాయల మార్కెట్టు దగ్గర ఎవరి దుకాణంలోనో పాము కనిపించిందని ఫోను వస్తే గోదావరి వెళ్లింది. కాశీరాంకు ఆ రోజు సెలవు. గిర్నిలో కూర్చుని, పిండి కోసం వచ్చినవాళ్లకు డబ్బాలు అందించే పని అతని మీద పడింది. లీలాబాయి వచ్చి తన జొన్నపిండి అడిగింది. గిర్నిలో వెతికితే ఆ పేరుతో డబ్బా కనిపించలేదు. గోదావరి దాన్ని రాళ్ల వెనక పెట్టి వెళ్లింది. చోటు చాలక కొన్ని పిండి డబ్బాలూ అక్కడే ఉంటాయి కాబట్టి కాశీరాం వెనకగది గుమ్మం దాకా వెళ్లి, లోపల అడుగు పెట్టకుండా చెయ్యి మాత్రం చాపి, 'లీలాబాయి' అని రాసున్న డబ్బా లాగి తెచ్చి ఇచ్చాడు. మూతకు చిల్లులున్నాయా అని చూడటం అతని వల్ల అయ్యే పని కాదు. గుమ్మంలోంచి ఆ పేరు ఒక్కటి చదువుకుని, డబ్బా లాగేటప్పుడు అతను కళ్లు మూసుకున్నాడు.

ఇసుక బరువు, ఇటుక బరువు కలిసి డబ్బా దాదాపు పిండి డబ్బా బరువే తూగింది. లీలాబాయి మాత్రం కిలో తగ్గిందని గొణుక్కుంటూనే ఇంటికి వెళ్లింది. పొయ్యి మీద పెనం పెట్టి, రొట్టెలకు పిండి తీద్దామని మూత ఎత్తింది. లోపలి నుంచి ఒక నీరుకట్టె తల ఎత్తి ఆమెను చూసింది. పోయిన నెల ఆమె పెరటి నీళ్లతొట్టి దగ్గర దొరికింది అదే.

లీలాబాయి అరవలేదు. మూత పెట్టి, దాని మీద కూర్చుని, పెనం మాడుతున్న వాసన వస్తుండగా గోదావరికి ఫోను చేసింది. ఆ మాటలు నాకు ఇద్దరూ వేరువేరుగా చెప్పారు, తేడా లేకుండా.

"అక్కా, నా పిండి ఏడుంది?"

"గిర్నిల ఉంటది. ఏమైంది?"

"నా ఇంట్ల నీ పాముంది."

గోదావరి, "మూత పెట్టినవా?" అంది.

"పెట్టి దాని మీద కూసున్న."

"మూత మీద కూసోకు లీలా, దానికి గాలాడదు."

"నాకు ఆడుతలేదక్కా గాలి. ముందు నువ్వు రా."

గోదావరి వచ్చేసరికి గంటన్నర పట్టింది. పరుగెత్తే మనిషి కాదని ముందే చెప్పాను. అప్పటికి లీలాబాయి ఇంటి ముందు సగం గల్లీ చేరింది, పెనం బొగ్గయింది. గోదావరి డబ్బా ఎత్తుకుని, పాము బాగానే ఉందని అందరికీ చెప్పింది. లీలాబాయి ఎలా ఉందో అడగడం మరిచిపోయింది. కాశీరాంను నిలదీస్తే, అతను తనవైపు న్యాయమే మాట్లాడాడు.

"పేరు చూసి ఇచ్చిన. పేరైతే కరెక్టే ఉండె గద."

మరునాడే శంకర్రావు అటవీశాఖకు అర్జీ రాశాడు. శంకర్రావు సర్కారు ఆఫీసులో హెడ్‌క్లర్కుగా చేసి రిటైరైన మనిషి. గల్లీలో అందరూ రావుసాబ్ అంటారు. కుళాయి ఆగినా, కుక్క అరిచినా మంచి మరాఠీలో నాలుగు ప్రతులు తయారు చేస్తాడు. ఈ అర్జీలో మాత్రం కొంత సొంత కోపం కూడా ఉంది. పదిహేను రోజుల ముందు, మిట్టమధ్యాహ్నం గిర్నిలో ఎవరూ లేని సమయం చూసి అతను గోదావరి దగ్గరికి వెళ్లాడు. తన పాత ఫైళ్లను పందికొక్కులు కొరుకుతున్నాయని, ఒక జెర్రిపోతును రెండు రోజులు తన ఇంటికి పంపితే బాగుంటుందని, ఆ మాట ఎవరికీ తెలియకూడదని అడిగాడు. ఇది పిండి గిర్ని అని, పాములు కిరాయికి ఇవ్వనని గోదావరి చెప్పింది. అందుకే అర్జీలో నాలుగో అంశం: వృద్ధ పౌరుల పట్ల సదరు మహిళ ప్రవర్తన.

మొదటి అంశంలో పాముల సంఖ్య నలభై అని రాశాడు. అందరూ సంతకాలు పెట్టారు. మొదటిది శంకర్రావుది, రెండోది లీలాబాయిది, మూడోది నాది. నా దుకాణంలోనే ప్రతులు తీస్తున్నారు కాబట్టి తప్పించుకోలేకపోయాను. నాలుగో సంతకం కాశీరాంది. సొంత పెళ్లాం మీద నువ్వెలా పెడతావయ్యా అంటే, "నేను గూడ పొరుగోన్నే. ఒక గోడ అవతలనే పంటున్న" అన్నాడు.

ఆ కాగితం జిరాక్సు యంత్రం మీద ఉండగానే గోదావరి ఆధారు ప్రతి కోసం దుకాణంలోకి వచ్చింది. నేను మూత వెయ్యబోయాను కానీ ఆలస్యమైంది. ఆమె కాగితం తీసి మొదటి నుంచి చివరిదాకా చదివింది. భర్త సంతకం దగ్గర కొంచెంసేపు ఆగింది. తరువాత నా జేబులోని పెన్ను తీసుకుని, నలభై కొట్టేసి పదకొండు అని రాసి, తిరిగి అద్దం మీద బోర్లా పెట్టింది.

"రాసేదేదో సరిగ్గ రాయుండ్రి" అని చెప్పి, ఆధారు సంగతి మరిచిపోయి వెళ్లిపోయింది.

మూడో రోజు పొద్దున పదింటికి యోగేశ్ వచ్చాడు. కోపం కంటే అతని ముఖంలో సిగ్గే ఎక్కువ కనిపించింది, తన విద్యార్థి పరీక్షలో పట్టుబడినట్టు. గోదావరిని మావ్‌శీ, అంటే పిన్ని, అని పిలుస్తూనే మందలించాడు. ఒక్కటి ఉంచుకున్నా తప్పే, పదకొండు ఉంచుకుంటే తను పై అధికారికి ఏం చెప్పాలని అడిగాడు. గోదావరి వాదించలేదు. తప్పేనంది. అన్నీ ఈ రోజే వదిలెయ్యాలి, వదిలే ముందు పంచనామా రాయాలి, దానికి గల్లీలోని పెద్దమనుషులు ముగ్గురు సాక్షులుగా ఉండాలి అన్నాడు యోగేశ్. అర్జీ తీసి మొదటి మూడు పేర్లు చదివాడు.

శంకర్రావు తనకు రక్తపోటు ఉందన్నాడు. లీలాబాయి పొయ్యి మీద పాలున్నాయంది. నేను దుకాణం చూపించాను. యోగేశ్ మర్యాదగానే చెప్పాడు: ఫిర్యాదు చేసినవాళ్లు లెక్క చూసి సంతకం పెట్టకపోతే ఫిర్యాదు నిలవదు, పాములు ఇక్కడే ఉంటాయి. ముగ్గురం చెప్పులు విడిచి వెనకగదిలోకి వెళ్లాం. శంకర్రావు కుర్చీలో కూర్చుని రెండు కాళ్లూ పైకి పెట్టుకున్నాడు. లీలాబాయి గుమ్మానికి అతుక్కుంది. నేను లీలాబాయి వెనక నిలబడ్డాను.

మొదటి పామును గోదావరి బయటికి తీయగానే శంకర్రావు కళ్లు మూసుకున్నాడు. యోగేశ్ రాయడం మొదలుపెట్టాడు. రెండో వాక్యం చదివి వినిపించగానే శంకర్రావు కళ్లు తెరిచాడు. పంచనామా ఇలా రాయరు, క్రమసంఖ్య ఏది, రంగు గడి ఏది, పొడవు గడి ఏది అని అడిగాడు. కాగితం తన చేతికి తీసుకుని కొత్తగా గీతలు కొట్టాడు. ఇక అక్కడి నుంచి ఆ గదిలో అందరికంటే పెద్ద అధికారి అతనే. పొడవు కొలవడానికి నా దుకాణం నుంచి టేపు తెప్పించాడు. పాము మెలికలు తిరుగుతుంటే ఒప్పుకోలేదు. "సీద పట్టుకో గోదావరి బాయి. ఇట్ల వంకరుంటే లంబాయి ఎట్ల రాయాలె?" అన్నాడు. ఏడో పాము వచ్చేసరికి అతని కాళ్లు కిందికి దిగాయి. తొమ్మిదోదాని తోక తనే పట్టుకున్నాడు. అది తను చేశాడన్న సంగతి అతనికి తరువాత మేం చెబితే తెలిసింది.

లీలాబాయి నీరుకట్టె వంతు వచ్చింది. ఆమె గుమ్మం దగ్గర నుంచి మెడ చాచి చూసి, ఇది నాదేనంది, కొంచెం గర్వంగానే. ఇంకొంచెం దగ్గరికి వచ్చి, ఇలా చిక్కిపోయిందేం, కప్పలు పెట్టడం లేదా అని గోదావరిని గట్టిగా అడిగింది.

పదకొండూ అయ్యాయి. శంకర్రావు మొత్తం కూడి, కింద గీత గీశాడు. ముగ్గురం సంతకాలు పెట్టాం. యోగేశ్ లేవబోతూ ఇల్లంతా ఒకసారి చూడాలన్నాడు, అది నియమం. పక్కగదిలో కాశీరాం మంచం కింద ఇంకో డబ్బా ఉంది. యోగేశ్ దాన్ని బయటికి లాగాడు. గుమ్మంలో నిలబడ్డ కాశీరాం, అది తన మంచం కిందిదని, రోజూ తను టికెట్ల సంచి పెట్టుకునేది దాని మీదేనని, అందులో ఏముంటుందని అన్నాడు. గోదావరి ఇంటి కప్పు వైపు చూసింది. ఆ చూపు కాశీరాం గమనించాడు.

"గోదావరీ. గా డబ్బల ఏమున్నయి?"

"గుడ్లు."

"కోడియా?"

"కావు. జెర్రిపోతుయి. బుధారం ఆగింది చూడు, అది పెట్టింది. పద్నాలుగు. నీ మంచం కింద వెచ్చగ ఉంటదని పెట్టిన."

"ఎన్ని దినాలాయె?"

"రెండు నెల్లు."

కాశీరాం చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి నడిచి, గల్లీ దాటి, నా దుకాణం అరుగు మీద కూర్చుని, సాయంత్రం దాకా లేవలేదు. మధ్యలో ఎవరో జిరాక్సు కోసం వస్తే అతనే తీసి ఇచ్చాడట.

లోపల శంకర్రావుకు పెద్ద చిక్కు వచ్చి పడింది. గుడ్డును పాము కింద లెక్కించాలా వద్దా. యోగేశ్‌కూ తెలియదు. చివరికి విడిగా రాద్దామన్నారు. 'పాములు పదకొండు, గుడ్లు పద్నాలుగు' అని శంకర్రావు రాసి, ఆరడానికి కాగితం మీద ఊదుతున్నాడు. అప్పుడు లీలాబాయి డబ్బాలోకి వేలు చూపించింది. ఒక గుడ్డు పైభాగం సన్నగా చీలి, అందులోంచి చిటికెనవేలంత తల ఒకటి బయటికి వచ్చి మా అందరినీ చూస్తోంది.

శంకర్రావు పదకొండు కొట్టేసి పన్నెండు చేశాడు, పద్నాలుగు కొట్టేసి పదమూడు చేశాడు. సర్కారు కాగితంలో కొట్టివేత ఉంటే సాక్షులందరూ దాని పక్కన సంతకం పెట్టాలి. పెట్టాం. పెన్ను మూత పెట్టేలోగా రెండోది వచ్చింది. మళ్లీ కొట్టివేత, మళ్లీ సంతకాలు. యోగేశ్ ఒకసారి, అన్నీ వచ్చాక ఒకేసారి రాద్దామని మెల్లగా అన్నాడు. వాస్తవ స్థితి ఏ నిమిషానికి ఆ నిమిషం కాగితం మీద ఉండాలని శంకర్రావు అతనికి పాఠం చెప్పాడు. లీలాబాయి ఇంటి నుంచి అందరికీ టీ తెచ్చింది. విమలాబాయి, ఇంకా నలుగురు ఆడవాళ్లు కిటికీ దగ్గర చేరి, గుడ్డు చీలినప్పుడల్లా సంఖ్య బయటికి అందించారు. గల్లీలో ఆ సంఖ్య వెంటవెంటనే చివరిదాకా పాకింది.

సాయంత్రం నాలుగింటికి పదమూడు పిల్లలు వచ్చాయి. పద్నాలుగో గుడ్డు కదల్లేదు. శంకర్రావు పెన్ను పట్టుకుని అరగంట దాని వైపే చూస్తూ కూర్చున్నాడు. అది మొదటి నుంచీ చెడిపోయిందేనని, వస్తుందని ఎదురుచూడొద్దని గోదావరి చెప్పింది. అతని ముఖం నిజంగానే చిన్నబోయింది. లెక్క ఇరవై నాలుగు పాములు, ఒక గుడ్డు దగ్గర ఆగింది. అర్జీ మీదిది కలిపితే నా సంతకాలు పదిహేను.

పొద్దు ఉండగానే ఆస్నా నది ఒడ్డుకు బయలుదేరాం. కూరగాయలు మోసే టెంపో ఒకటి మాట్లాడారు. గోదావరి, యోగేశ్, ముగ్గురు సాక్షులు వెళ్తే సరిపోయేది. కానీ గల్లీలో సగం మంది ఎక్కారు. లీలాబాయి తన నీరుకట్టె డబ్బాను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, ఎవరు అడిగినా ఇవ్వలేదు. కాశీరాం కూడా వచ్చాడు, డ్రైవరు పక్కన కూర్చుని, వెనక్కి తిరగకుండా.

నీరుకట్టెలను నీళ్ల అంచున వదిలారు. పసిరికను చెట్టు కొమ్మ మీద పెడితే ఆకుల్లో ఎక్కడుందో మరుక్షణం కనిపించలేదు. జెర్రిపోతులు గట్టు మీది పొదల్లోకి వెళ్లాయి. పిల్లలను వదలడానికే ఎక్కువసేపు పట్టింది. ఒక్కోదాన్ని శంకర్రావు కాగితంలో టిక్కు పెట్టి పంపాడు. గోదావరి అందరికంటే చివర, తోక చీరిన జెర్రిపోతును తీసింది. రెండేళ్లు చేత్తో మందు రాసిన పాము అది. నేల మీద పెట్టగానే మానిన తోకను గడ్డిలో ఈడ్చుకుంటూ సూటిగా వెళ్లిపోయింది. ఆమె అక్కడే గొంతుక్కూర్చుని, గడ్డి కదలడం ఆగేదాకా చూసింది.

కాశీరాం టెంపో దిగి వచ్చి, నాలుగు అడుగుల దూరంలో నిలబడ్డాడు.

"ఒక్కటన్న ఎన్కకు తిరిగి చూడలే" అంది గోదావరి, ఎవరితోనో అన్నట్టు.

"పురుగులు చూడయే" అన్నాడు కాశీరాం. ఒక అడుగు ముందుకు వేసి, "నేనైతే చూస్త" అన్నాడు.

గోదావరి ముఖం తిప్పి, అర్జీ మీద నాలుగో సంతకం సంగతి ఇంకా మరిచిపోలేదని చెప్పింది. తిరుగు దారిలో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు.

ఆ తరువాత ఎనిమిది రోజులు ఆమె వెనకగది తలుపు తెరవలేదు. ఆ వారం గిర్నిలో పిండి బరకగా వచ్చింది. జనం పాముల గురించి అన్న మాటల కంటే పిండి గురించి ఎక్కువ మాటలన్నారు. యోగేశ్ ఆమె చేత ఇంకెప్పుడూ ఇంట్లో ఉంచుకోనని రాయించుకుని, ఇది మొదటిసారి కాబట్టి పై అధికారి హెచ్చరికతో వదిలేశారని వచ్చి చెప్పాడు. పాములు పట్టే పని మాత్రం మానొద్దని కోరాడు. ఆ మాట విన్న రోజు గోదావరి రాళ్లు విప్పించి గాట్లు పెట్టించింది. మరునాటి నుంచి పిండి మళ్లీ మెత్తగా వచ్చింది.

పోయిన నెల కుండల్‌వాడి నుంచి ఆమె తమ్ముడు రామదాస్ ఫోను చేశాడు. ధాన్యం గోదాములో పాము దూరింది, కూలీలు లోపలికి వెళ్లనంటున్నారు అన్నాడు. గోదావరి బస్సులో వెళ్లింది. పెద్ద జెర్రిపోతు. పట్టి, ఫోనులో ఫొటో తీసి యోగేశ్‌కు పంపి, ఊరి బయటి చెరుకుతోట గట్టున గంటలోపే వదిలేసింది. పుట్టింట్లో భోంచేసి, తమ్ముడి భార్య కట్టిచ్చిన పేలాల మూట సంచిలో వేసుకుని తిరుగు బస్సు ఎక్కింది.

ఆ బస్సులో కుండల్‌వాడి వాళ్లే సగం మంది. పొద్దున ఆమె ఎందుకొచ్చిందో అందరికీ తెలుసు. ముగ్గురు కూర్చునే సీటులో ఆమె కూర్చోగానే మిగతా ఇద్దరూ లేచారు. కండక్టరు కాశీరాం కాదు, వేరే మనిషి. అతను దూరం నుంచే సంచిలో ఏముందని అడిగాడు. పేలాలని చెప్పింది. అతను నమ్మలేదు. మూట విప్పి ఒక గుప్పెడు నోట్లో వేసుకుని చూపించింది, అయినా నమ్మలేదు. టికెట్టు మాత్రం చెయ్యి పొడుగ్గా చాపి ఇచ్చి వెళ్లాడు. బస్సు కిక్కిరిసి, జనం ఒకరి కాళ్ల మీద ఒకరు నిలబడ్డారు కానీ ఆ సీటు దగ్గరికి ఎవరూ రాలేదు. గోదావరి కాసేపు కిటికీ బయట చూసింది. తరువాత సంచి తల కింద పెట్టుకుని, కాళ్లు చాపుకుని, నాందేడ్ దాకా హాయిగా నిద్రపోయింది.